తబలా బావ కుడిచెయ్యి

నా తల మీద జుట్టు రాలిపోయి చాలా కాలమైంది. అయినా వారం వారం సెలూన్‌కి వెళ్తాను. ఎందుకని అడిగేవాళ్లు ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదన్నమాట. గడ్డం గీయడం అయ్యాక ఆ సెలూన్ నడిపే ఆయన అరచేతిలో నాలుగు చుక్కల నూనె వేసుకుని, నెత్తి మీద ముందు మెల్లగా, తర్వాత జోరుగా, చివరికి రెండు చేతులూ కలిపి దరువు వేస్తాడు. లేచేసరికి ఇంటి గొడవలు సగం ఆ కుర్చీలోనే ఉండిపోతాయి. అందుకే ఆయన్ని అందరూ తబలా అంటారు. నేను మాత్రం బావా అని పిలుస్తాను. బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి, వరసలు కలపడం నాకు టికెట్ చింపినంత సులువు.

షాపు వాళ్లింటి ముందు గదిలోనే. మధ్యలో తెర. తెర వెనక బావ భార్య ఇస్త్రీ బల్ల. ఇటు కత్తెర చప్పుడు, అటు తడి బట్ట మీద ఇస్త్రీ పెట్టె చుయ్యిమనే చప్పుడు. వాళ్ల సంసారంలో సగం మాటలు ఆ తెర మీదుగానే నడిచాయి. "ఏవండీ, నీళ్లు కాగాయి" అని ఆవిడ అంటే, "ఉంచు, వస్తున్నా" అని ఈయన. ఆ రావడం ఎప్పటికో.

ఒకరోజు పొద్దున్న గడ్డం గీస్తుండగా నా చెవి కింద చురుక్కుమంది. తువ్వాలు మీద నెత్తురు. నాకు కోపం వచ్చింది కానీ, అద్దంలో బావ ముఖం చూడగానే ఆ కోపం కాస్తా దిగిపోయింది.

"బావా, కత్తి చేతిలో ఉందో లేదో నాకే తెలీట్లేదు" అన్నాడు.

అప్పుడు బయటపెట్టాడు. కొంతకాలంగా బొటనవేలు, పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయట. మణికట్టు నుంచి మోచేతి దాకా నరం లాగేస్తోందట. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా సొంత వైద్యం మొదలుపెట్టాడు. గట్టిగా నొక్కితే నొప్పి పారిపోతుందని ఆయన వృత్తి నేర్పిన పాఠం. కర్పూరం నూనె మంట పుట్టేదాకా రుద్దాడు. మణికట్టును కుర్చీ చేతికేసి అదిమాడు. తలల మీద వేసే దరువు తన చేతి మీదే వేసుకున్నాడు. దాంతో చెయ్యి బూరెలా పొంగింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే కదా.

డాక్టరమ్మ దగ్గరికి నేనే లాక్కెళ్లాను. మణికట్టు దగ్గర నరం ఒత్తుకుపోతోందని ఆవిడ చెప్పింది. అక్కడ అదమకూడదు, రాత్రిళ్లు పట్టీ పెట్టుకోవాలి, చెయ్యి వంచి చేసే పని తగ్గించాలి, కాపడం, తేలికపాటి మర్దన చేసుకోవచ్చు, అప్పటికీ తగ్గకపోతే చిన్న ఆపరేషన్. ఇన్ని చెబితే మా బావ చెవిలో దూరింది చివరి మాట ఒక్కటే.

తిరిగొచ్చి తన కుర్చీలో తనే కూలబడ్డాడు. "కత్తి పట్టలేనివాడికి ఈ అద్దాలెందుకు బావా? షాపు ఎవరికైనా ఇచ్చేస్తాను" అన్నాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. మరి ఇంకేం చేయను?

తెర తొలిగింది. "చెయ్యి ఇటివ్వండి" అంది ఆవిడ.

"నీకేం తెలుసు? మర్దన నా పని."

"మీ పని తలలకి. ఇది చెయ్యి. పట్టుబట్టని అదిమి రుద్దితే ముడత పోదు, మచ్చ పడుతుంది."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! బావ గొణుక్కుంటూనే చెయ్యి చాపాడు. ఆవిడ రాళ్లుప్పు వేయించి మూట కట్టి, ముందు తన చెంపకి ఆనించి చూసుకుని, తర్వాత ఆయన భుజానికి కాపడం పెట్టింది. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి కిందికి నిమురుతూ వచ్చింది. నొప్పి ఉన్నచోట మాత్రం వేలు ఆనీఆనకుండా పోనిచ్చింది. చివర్లో వేళ్లు ఒక్కొక్కటే విప్పింది.

"ఇదేం మర్దన? ఈగ వాలినట్టుంది" అన్నాడు బావ.

"ఈగే అనుకోండి. కదలకండి."

రోజూ ఇదే తంతు. మొదట్లో ఫలితమేమీ కనపడలేదు. ఓపిక లేని బావ ఆవిడ చూడనప్పుడు చేతిని మళ్లీ బాదుకున్నాడు. ఎర్రగా కందిపోయిన చెయ్యి దొరికిపోయింది. "ఇంకోసారి దరువేశారంటే ఇస్త్రీ పెట్టె పెడతాను" అని ఆవిడ అరిచిన అరుపు వీధి చివరిదాకా వినపడింది. ఆ తర్వాత ఆయన బుద్ధిగా ఉన్నాడు. మణికట్టు వంగకుండా కుర్చీ ఎత్తు పెంచుకున్నాడు. పట్టీ లేకుండా పడుకోవడం మానేశాడు. ఒకనాడు పొద్దున్నే చొక్కా గుండీలు తనే పెట్టుకుని మా ఇంటికొచ్చి చూపించాడు. పెళ్లికొడుకు కూడా అంత మురిసిపోడు. ఆపరేషన్ మాట ప్రస్తుతానికి మర్చిపొమ్మని డాక్టరమ్మ కూడా చెప్పింది.

కత్తెర పని కాస్తకాస్తగా మొదలైంది కానీ, గడ్డం కత్తి పట్టడానికి భయం. ఎవరి గడ్డం మీద పరీక్షించాలి? "నాకింకో చెవి ఉందిలే" అని నేనే కూర్చున్నాను. అప్పటికే నలుగురు వరసలో వేచి ఉన్నారు. నురగ రాశాడు. కత్తి చెంప మీద దిగుతుంటే షాపులో ఎవరూ ఊపిరి తీయలేదు, నేనైతే అసలే తీయలేదు. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ముగించాడు.

"ఇదిగో, ఒక్క గాటు పడలేదు!" అని తెర వైపు కేకేశాడు. గొంతు వణికింది. చెయ్యి వణకలేదు.

తెర పక్కకి తీసి నవ్వుతూ నిలబడింది ఆవిడ. "చెల్లెమ్మా, ఈ వైద్యం ఎక్కడ నేర్చుకున్నావ్?" అని అడిగాను.

"ఎక్కడేంటన్నయ్యా, నా చేతి మీదే. ఇస్త్రీ పెట్టె బరువు తక్కువా? ఎన్నేళ్ల నుంచో పొద్దున్న లేస్తే వేళ్లు తిమ్మిరి. మొదట్లో నేనూ గట్టిగానే నొక్కుకున్నాను, ఇంకా ఎక్కువైంది. ఈయన ఇటు మీ తలలు వాయిస్తుంటే, అటు నా చెయ్యి నేనే పట్టుకునేదాన్ని."

బావ చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. "నాకు చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పను? షాపు నిండా జనం." నిష్ఠూరంగా కూడా అనలేదు, మామూలుగా అంది. అది ఇంకా గుచ్చుకుంది.

బావ కత్తి కింద పెట్టాడు. చేతులు కడిగి తుడుచుకున్నాడు. నన్ను లేపి, కుర్చీ దులిపి, ఆవిణ్ణి భుజం పట్టుకుని తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. ఇన్నేళ్లలో ఆవిడ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

"రేపు డాక్టరమ్మకి నీ చెయ్యి కూడా చూపిద్దాం" అంటూ నూనె గోరువెచ్చగా చేసుకుని, ఆవిడ భుజం మీద ఈగ వాలినంత మెల్లగా చెయ్యి వేశాడు.

వరసలో ముందున్న పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. "తబలా, ఇప్పుడు నా వంతు కదయ్యా?"

బావ తలెత్తలేదు. "కాస్త కూర్చోండి. ఈవిడ మీ అందరికంటే ముందొచ్చింది."