కోర్టు చెప్పిన చావు

మా బాపు మొదటి షిఫ్టుకని టిఫిన్ డబ్బా పట్టుకుని గోదావరిఖనిలోని మా క్వార్టర్ నుంచి బయల్దేరాడు. బొగ్గు గనికి చేరలేదు. ఆ రోజు హాజరు పుస్తకంలో ఆయన మస్టర్ పడలేదు. గోదావరి ఒడ్డంతా వెతికాం, రామగుండం స్టేషన్లో అడిగాం, బెల్లంపల్లిలో చుట్టాల ఇళ్లన్నీ తిరిగాం. పోలీసులు కాగితం రాసుకున్నారు. ఆ కాగితం ఉండబట్టి కంపెనీ ఆయన పేరు కొట్టెయ్యలేదు. అమ్మ మాత్రం రోజూ బొట్టు పెట్టుకునేది, రాత్రి అన్నం కొంచెం ఎక్కువే వండేది.

ఏడేళ్లు గడిచాక, బాపుతో కలిసి పనిచేసి, ఆయన్ని అన్నా అని పిలిచే యూనియన్ కాక ఇంటికొచ్చాడు.

"వదినె, కోర్టుకు పోవాలె. ఏడేండ్లు కనవడకపోతే పోయినట్టే అంటది చట్టం. తీర్పు తెస్తే అన్న బదులు పిలగానికి నౌకరి వస్తది."

"ఆయనే వస్తడు," అంది అమ్మ.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ కాక మాట్లాడిపెట్టిన వకీలు ఇంకో మాట చెప్పాడు. మనిషి చనిపోయాడని చట్టం అనుకుంటుందట గానీ, ఏ రోజు చనిపోయాడో అనుకోదట. ఎవరో ఒకామె, మాలాగే ఇంటిమనిషి తిరిగిరాక, పెద్ద కోర్టు దాకా వెళ్లిందట. తప్పిపోయిన రోజే పోయాడని ఆమె వాదిస్తే, రుజువేదని అడిగారట. రుజువు లేదు కాబట్టి కేసు వేసిన నాటికి పోయినట్టు లెక్క అని తీర్పు. ఓడింది ఆమె. ఆ తీర్పు మాత్రం ఊళ్లన్నీ తిరిగి మా గడపలోకీ వచ్చింది. ముఖం కూడా చూడని ఆ మనిషి మీద నాకు అంత కోపం ఎందుకొచ్చిందో!

సర్వీసులో ఉండగా పోతేనే కొడుక్కి నౌకరి ఇస్తారు. బాపు రిటైర్మెంటుకు కొన్ని నెలలే ఉన్నాయి. ఆలోపు కేసు వెయ్యకపోతే ఆయన రిటైరయ్యాకే చనిపోయినట్టు లెక్క, నాకు నౌకరి లేదు. మా అమ్మ ఎన్నాళ్లు ఎదురుచూడొచ్చో కూడా కోర్టే తేల్చేసింది.

నేనప్పటికే చదువు ఆపేసి చౌరస్తాలో కిరాయి ఆటో తోలుతున్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "నడువు," అంది.

వకీలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాడు. కోర్టు వరండాలో అమ్మను చూసి తల పట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇది! ఇంత బొట్టు పెట్టుకొచ్చి మా ఆయన లేడంటే జడ్జిగారు ఏమనుకుంటారు?"

అమ్మ కొంగుతో నుదురు తుడుచుకుంది. బోనులో నిలబెట్టి, మీ ఆయన ఉన్నాడా అని అడిగారు.

"డ్యూటీకి పోయిండు."

మళ్లీ అడిగారు.

"ఇంకా రాలే."

వకీలు ముఖం మాడిపోయింది. ఈసారి అమ్మ నా వైపు చూసింది. "లేడు," అంది. నాకు ఏడుపు ఆగలేదు. బాపు కనబడకుండా పోయినప్పుడు కూడా నేనంత ఏడవలేదు.

తీర్పు మాకు అనుకూలంగానే వచ్చింది. బాపు పనిచేసిన గనిలోనే నాకు పని దొరికింది. పక్క కాలనీ వాళ్లెవరో మా తీర్పు నకలు అడిగి పట్టుకెళ్లారు, వాళ్ల కేసులో చూపించడానికట. వాళ్లింట్లో నుదురు తుడుచుకోవాల్సింది ఎవరో నేను అడగలేదు.

తర్వాత పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దల పేర్లు చెప్పి పూజ చేయించే అయ్యగారికి బియ్యం ఇచ్చే రోజు. బాపు పేరు మీద ఇదే మొదటిదని చుట్టాలొచ్చారు, కాక వచ్చాడు. కొడుకుగా ఇవ్వాల్సింది నేను. అమ్మ చేట నా చేతికి ఇవ్వలేదు. తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని తనే కూర్చుంది. తాత పేరు, నానమ్మ పేరు చెప్పి బియ్యం పోసింది.

"ఇంకా?" అన్నాడు అయ్యగారు.

"అయిపోయినయ్."

కాక ఉండబట్టలేక, "వదినె, మా అన్న పేరు?" అన్నాడు.

"కోర్టుల చెప్పిన గద. అది పిలగాని నౌకరి కోసం. నా ఇంట్ల ఆయన ఇంకా సావలేదు."

అందరూ వెళ్లిపోయాక చేటలో మిగిలిన బియ్యం కడిగి ఎసట్లో పోసింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. బియ్యం ముగ్గురికి పోసింది.