నున్నబడ్డ పిడి

పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక, అమెరికాలోని కెంటకీలో వెర్లిన్ చలికాలమంతా గరాజులోనే గడిపాడు. చనిపోయిన నాన్న యుద్ధం నుంచి తెచ్చుకున్న బాయ్‌నెట్‌ను, అంటే తుపాకీ మొనకు తగిలించే కత్తిని, తన షాట్‌గన్‌కు బిగించాలని ఒకటే పంతం. కత్తికున్న కడియం తుపాకీ గొట్టానికి పట్టకపోతే అరగదీశాడు. గీతలుపడ్డ కత్తి కర్రపిడినీ ఆకురాయితో నున్నగా రాసి, ఎట్టకేలకు బిగించాడు.

"ఎవర్ని పొడుస్తావయ్యా, పెరట్లో ఉడతల్నా?" అంది భార్య ఓపల్.

మాజీ సైనికుల హాలుకు తీసుకెళ్లి, నాన్నతో కలిసి పోరాడిన ముసలి హాలిస్‌కు గర్వంగా చూపించాడు. హాలిస్ పిడి తడిమాడు.

"గాట్లేవిరా? పోయిన ఒక్కో స్నేహితుడికీ మీ నాన్న ఒక్కో గాటు పెట్టుకున్నాడు. పదకొండుండాలి."

"పాతబడి గీసుకుపోయిందనుకున్నా బాబాయ్..."

హాలిస్ తుపాకీ తిరిగిచ్చేశాడు.

"శత్రువులు వాళ్లని చంపారంతే. ఆనవాలు కూడా లేకుండా చేసింది నువ్వే. బాగా మెరుస్తోందిరా."