చూరు లేని చోట వంగింది

దెయ్యాల కబుర్లు మొదలైతే ముందు నవ్వేది నేనే. ఇప్పటికీ అంతే. పలాసలో ఇళ్ల ప్లాన్లు గీసి బతుకుతున్నాను. టేపుకు అందనిదేదీ నమ్మను. అయినా ఇది నా కళ్లతో చూశాను, అదీ పట్టపగలు. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

మా మేనత్తకు కన్నవారిల్లు లేదు. ఆమె కడుపులో ఉండగానే పెద్ద తుఫాను వచ్చి, అక్కుపల్లి దగ్గర మావాళ్ల వీధి మొత్తం ఇసుక కింద పడిపోయింది. నాయనమ్మ టెక్కలి పారిపోయి, ఎవరిదో పశువులశాలలో ఆమెను కని, ఆ పురిట్లోనే పోయింది. ఆ వీధి మళ్లీ లేవలేదు. దాని మీద సరుగుడు తోటలు, జీడితోటలు వచ్చాయి.

అత్తవారింట్లో ఏ చిన్న గొడవ జరిగినా "కన్నోరిల్లు లేనిది" అన్న మాటతోనే ముగిసేది. పడీ పడీ ఆమె మొండిదైపోయింది. ఉద్దానంలో చాలామందికిలాగే ఆమెకూ కిడ్నీలు పోయాయి. డయాలసిస్ మంచం మీద పడుకుని ఒకరోజు నాతో అంది.

"ఒరే, సచ్చేలోపు ఒక్కపాలి నా కన్నోరింట్లో అడుగెట్టాల. బొమ్మలు గీత్తావు కదా, అదెక్కడున్నాదో సూడు."

మా నాన్న ఆ వీధిలోనే పుట్టాడు. నుయ్యి దాటాక చివరి ఇల్లు మాదని చెప్పేవాడు. ఆయనే బతికుండగా ఎన్నోసార్లు వెతికి, ఇసుక తప్ప ఏమీ కనబడక తిరిగొచ్చాడు. అందుకే నేను పాత గ్రామ పటం నకలు సంపాదించాను. అందులో వీధి ఉంది, నుయ్యి ఉంది, ఊరి సరిహద్దున సర్వే రాయి ఉంది. ఆ రాయి ఇప్పటికీ రోడ్డు పక్కన నిలబడే ఉంది. అక్కడి నుంచి కొలుచుకుంటూ పోయి, ఒక జీడితోట మధ్యలో కర్ర పాతాను. నా లెక్క తప్పదని ఎంత ధీమాగా ఉన్నానో!

డయాలసిస్ లేని రోజు చూసి అత్తను ఆటోలో తీసుకెళ్లాను. మంచం దిగాలన్నా నా భుజం పట్టుకునే మనిషి. నా కర్ర వైపు చూసి "అటు కాదురా" అని, నా చెయ్యి వదిలేసి, దక్షిణంగా ఉన్న సరుగుడు తోటలోకి నడిచింది. ఒకచోట ఎడమకు తిరిగింది. ఇంకొంచెం పోయాక ఉన్నట్టుండి బాగా వంగి, ఎడమ చేత్తో పైన దేన్నో పట్టుకున్నట్టుగా, కుడికాలు ఎత్తి లోపలికి వేసింది.

మా తీరంలో పాత పూరిళ్లు చూసినవాళ్లకు ఇదేమిటో వెంటనే తెలుస్తుంది. గాలికి లేచిపోకుండా చూరు బాగా కిందికి దించి కప్పేవారు. లోపలికి పోవాలంటే వంగి, చూరు పట్టుకుని గడప దాటాలి. కానీ అక్కడ చూరూ లేదు, గడపా లేదు. రాలిన సరుగుడాకు తప్ప ఏమీ లేదు. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

అత్త నడుము నిటారు చేసి చుట్టూ చూసింది. "ఇక్కడికెలగొచ్చాన్రా?" అంది. తాను వంగిన సంగతే ఆమెకు గుర్తు లేదు.

భయపడ్డందుకు నా మీద నాకే కోపమొచ్చింది. ఎండకు తల తిరిగిందిలే అనుకుని ఆటో దగ్గరికి నడిపించాను. అక్కడ సర్వే రాయికి ఒక ముసలమ్మ పసుపు రాస్తోంది. మావైపు నిలువుగా పాతిన రాయి ఎంతోకాలం వట్టి రాయిగా ఉండదు. ఎవరో బొట్టు పెడతారు, అమ్మవారైపోతుంది. ఎప్పటి నుంచి ఉంది ఈ తల్లి అని మాటవరసకు అడిగాను.

"రోడ్డేసినపుడు లారీలు తగుల్తాయని ఇటు జరిపినాం బావూ. ముందు అదిగో, ఆ దచ్చిణం గట్టు మీద ఉండీది."

భక్తి కొద్దీ సరిహద్దు రాయినే జరిపేశారు! నేనేమో దాన్ని నమ్ముకుని కొలిచాను.

అత్తను నీడలో కూర్చోబెట్టి, ఆ గట్టు నుంచి మళ్లీ కొలిచాను. టేపు కొస ఇసుకలో ఆమె అడుగుల గుర్తుల దగ్గర ఆగింది. నమ్మబుద్ధి కాక మొదటి నుంచి ఇంకోసారి కొలిచాను. అక్కడే.

చేతులతో ఇసుక తోడాను. మోచేతి లోతున నల్లరాయి తగిలింది. మధ్యలో అరిగిపోయిన గడప రాయి. కేకేసి అత్తను పిలిచాను.

ఆమె ముసలమ్మ దగ్గర పసుపు అడిగి తెచ్చుకుంది. డాక్టర్లు ఆమెకు రోజుకిన్ని నీళ్లే అని హద్దు పెట్టారు. ఆ రోజుకని సీసాలో తెచ్చుకున్న నీళ్లన్నీ రాయి మీద పోసి కడిగింది. వద్దంటే నన్ను కసిరింది. పసుపు రాసి, దాని మీద కూర్చుని, ఊరు ఊరంతా వినాలన్నట్టు అరిచింది.

"ఎవులన్నారు నాకు కన్నోరిల్లు లేదని? రమ్మను!"

నాన్న చెప్పి ఉంటాడని కొందరంటారు. తానే వెతుక్కోలేని చోటు ఆయనెలా చెబుతాడు? తల్లి కడుపులో ఉండి రోజూ ఆ గడప దాటింది కదా, అందుకే తెలిసిందని ఇంకొందరంటారు. అదీ నేను ఒప్పుకోను. అయితే మరేమిటి? ఆ పటం ముందేసుకుని ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా ఇప్పటికీ తేలలేదు.

అత్త పోయింది. ఆమె కర్మలన్నీ అయ్యాక, గడప కడిగి పసుపు రాద్దామని ఒక్కణ్నే వెళ్లాను. టేపు తీసుకెళ్లలేదు. గడప రాయి దగ్గరికి రాగానే నా నడుము దానంతటదే వంగింది, చెయ్యి చూరు కోసం పైకి లేచింది. దూరంగా జీడితోటలో కూలీలు పని ఆపి నన్నే చూస్తున్నారు. చూడనీ. మా ఇంట్లోకి నేను వంగే వెళ్తాను.