మంచు పోస్టుల విన్న నవ్వు

మధ్యాహ్నం రెండింటికి హెలికాప్టర్ మమ్మల్ని మంచు మీద దించి, రెక్కలు ఆపకుండనే ఎగిరిపోయింది. సరిహద్దు పోస్టు, పద్దెనిమిది వేల అడుగుల ఎత్తు. ఒక బంకర్, ఆరుగురం, ఒక కిరోసిన్ పొయ్యి. హవల్దార్ సాబ్ మొదటి ఆర్డర్: "ఉరకొద్దు. ఉత్తగ కూసోవద్దు."

నేను సూరత్‌ల పుట్టినోన్ని. మావోళ్లు సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి అక్కడి లింబాయత్‌ల సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిండ్రు. పెండ్లైనంక నవాగామ్‌ల ఉన్నం. ఈ పోస్టుకు రాకముందు మాకు బిడ్డ పుట్టి, పుట్టంగనే పోయింది. అప్పటిసంది నా భార్య పద్మ గోడ దిక్కు తిరిగి పండుకునేది. ఎంత బతిమాలినా "ఊఁ" తప్ప మాట లేదు. అట్లనే మా అమ్మకు అప్పజెప్పి వచ్చిన.

ఆదివారం ఆదివారం సాటిలైట్ ఫోన్ల ఐదు నిమిషాలు. జనవరిల ఒక ఆదివారం పద్మ ఎగపోసుకుంట ఎత్తింది.

"ఏమైంది?"

"ఏం గాలే. వాలీబాల్ ఆడుతున్న. డాక్టరమ్మ గోలీలిచ్చి, రోజు ఒళ్లు కదిలియ్యమన్నది. పక్కింటి మంగలాతాయి గ్రౌండ్‌కు గుంజుకొచ్చింది. నెట్టు లేదు, పాత చీర కట్టినం." నవ్వింది. "పిలుస్తుండ్రు, పెట్టేస్తున్న."

రేడియో ఆపరేటర్ గడియారం చూసిండు. "భాయ్, ఇంక రెండు నిమిషాలున్నయ్ గదా?"

ఆ నవ్వు కోసం నెలలు ఎదురుచూసిన. తీరా వింటే ఒళ్లు మండింది. నా మాటకు రాని నవ్వు బాల్‌కు ఎట్లొచ్చింది? మంగలాతాయి మొహం కూడ నాకు తెల్వదు, అయినా ఆమె మీద కోపం. స్లీపింగ్ బ్యాగ్‌ల నిద్ర లేకుండ పొర్లిన. తిండి పోలేదు.

పొయ్యి కాడ హవల్దార్ సాబ్ అడిగిండు: "ఇంటికాడ చెడ్డ వార్తనా?"

"లేదు సాబ్. నా భార్యకు బాగైతున్నది."

"మరి గీ మొహమేంది?"

ఆయన పార తెచ్చి చేతుల పెట్టిండు. "బాట మీది మంచు తీయ్. రేపటిసంది ఆ పని నీదే."

కోపంతోనే తీసిన. మెల్లగ, ఊపిరి చూసుకుంట. తర్వాత బంకర్‌ల బైఠక్‌లు, కూసుంట లేసుకుంట. ఆమె ఆడితే నేను చెయ్యనా అని పంతం. కొన్నాళ్లకు ఆకలైంది. నిద్ర పట్టింది. కుళ్లు మాత్రం పోలేదు.

ఒక ఆదివారం గొప్పగ చెప్పిన: "ముప్పై బైఠక్‌లు తీస్తున్న."

"గంతేనా?" అన్నది పద్మ.

ఎండలు ముదిరే టైముకు మమ్మల్ని కిందికి దించిండ్రు. సాయంత్రం సూరత్ పక్కన ఉధ్నా స్టేషన్ల దిగి ఇంటికి పోతే అమ్మ ఒక్కతే ఉన్నది. "గ్రౌండ్ కాడుంది, పో" అన్నది. కిట్ బ్యాగ్ భుజాన ఏసుకునే పోయిన.

ఇప్పుడు ఫౌజ్ ఇడిసి పల్సానా మిల్లుల గేటు కాడ పనిచేస్తున్న. అందరు మంచు ఎట్లుంటదని అడుగుతరు. నా కండ్లల్ల నిలిచింది మంచు కాదు. ఆ సాయంత్రం గ్రౌండ్‌ల కొంగు నడుముకు చెక్కి, మొహం నిండ చెమటతోని పద్మ. నన్ను చూసింది. ఆమె కండ్లు నిండినయ్. నేను బ్యాగ్ దించి ముందుకు అడుగేసిన. ఆమె అరచెయ్యి ఎత్తింది, ఆగమని. మల్ల అటు తిరిగి బాల్ కోసం ఎగిరింది.