మాలకొండమ్మత్త మీసం

మా మాలకొండమ్మత్త మీసం పెంచేది. ఏదో నూగు కాదు; పొద్దున్నే ఆముదం రాసి, దువ్వి, కొసలు మెలేసి మరీ బయటికి తెచ్చే మీసం. అత్త మా నాయనకు అక్క. భర్త పోయాక తర్లుపాడులో మా ఇంట్లోనే ఉండేది. 1936లో, యాభయ్యో ఏట, ఉన్నట్టుండి ఈ వేషం మొదలుపెట్టింది. మతి తప్పిందని ఊరు తేల్చేసింది.

ఇంట్లో అది చాలదన్నట్టు, నాకూ మీసం ఉంది.

పదహారేళ్లకే పెదవి మీద, చేతుల మీద నల్లటి వెంట్రుకలు. ఆ ఏడే పెద్దారవీడు నుంచి పెళ్లిచూపులకు వచ్చినావిడ నా గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. "కొడుకు మాకుండాడు గదమ్మా, మేం వచ్చింది కోడలి కోసం," అని మా అమ్మతో చెప్పి లేచిపోయింది.

పసుపు రుద్దాను. శనగపిండి రుద్దాను. చివరికి ఎవరో చెప్పారని హరిదళమనే పచ్చటి మందురాయి నూరి, సున్నం కలిపి పెదవికి పట్టించాను. వెంట్రుకలతో పాటు తోలూ లేచింది. పుండు మానింది, వెంట్రుకలు మళ్లీ మొలిచాయి. నాలుగు నెలలు గడప దాటలేదు. అన్నం కూడా గోడవైపు తిరిగే తినేదాన్ని. నిద్ర లేవగానే, ఇంకో రోజు వచ్చిందే అనిపించేది.

ఆ స్థితిలో అత్త నన్ను బలవంతాన గిద్దలూరు రైలెక్కించింది. టికెట్ కలెక్టరు అత్త ముఖం చూసి, ఇది ఆడవాళ్ల పెట్టె, మగవాళ్లు దిగాలన్నాడు. ఆయన మూతి నున్నగా గొరిగి ఉంది.

"మీసాన్ని బట్టే పెట్టె అయితే, నువ్వూ వచ్చి ఈడ్నే కూసో నాయనా," అంది అత్త.

పెట్టెంతా నవ్వింది. నాకు కిటికీలోంచి దూకాలనిపించింది.

ఇంటికొచ్చి అత్త మీద విరుచుకుపడ్డాను. ఉన్న పరువు నువ్వే తీస్తున్నావు, నీవల్లే లోకం నన్ను చూసి నవ్వుతోందని ఏడ్చాను. పొయ్యి దగ్గర్నుంచి అమ్మ అడిగింది.

"రైల్లో నిన్ను చూసి నవ్వింది ఎవురో చెప్పు."

ఆలోచించాను. ఒక్కరూ లేరు. అసలు నావైపు చూసినవాళ్లే లేరు.

అప్పుడు అమ్మ చెప్పింది. అత్తకు పద్నాలుగో ఏటి నుంచే మీసమట. ప్రతి శుక్రవారం తలుపేసుకుని, దారం పెట్టి పీక్కునేదట. నా పెదవి కాలిన వారమే ఆ దారాన్ని పొయ్యిలో పడేసిందట.

ఎందుకు చేశావని అత్తను అడిగాను.

"ఊరికి ఒక్క మూతి చూసే తీరికే ఉంటాది," అంది. "పెద్దది చూపిస్తే చిన్నదాన్ని మర్సిపోతారు."

మర్నాటి నుంచి నీళ్లకు వెళ్లసాగాను. అత్త ముందు, నేను వెనక. కొన్నాళ్లకు పక్కపక్కనే నడిచాం. ఒకరోజు, నాకిక భయం లేదు, నువ్వు తీసేయొచ్చన్నాను.

అత్త మీసం కొస మెలేసింది.

"ముప్పై ఆరేండ్లు శుక్రవారం శుక్రవారం కండ్లనీళ్లు పెట్టుకున్యా," అంది. "ఇంగ పీకను పోవే. మొదట నీకోసమే గానీ, ఇప్పుడు నాకే బాగుండాదనిపిస్తాంది."