రెండో డిస్కులో నలభై పాఠాలు

2004 అక్టోబరులో అమెరికాలో, ఎడిసన్ ఊళ్లోని ఒక కంప్యూటర్ రిపేరు షాపులో ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేరాను. నా పైన యజమాని, నా కింద స్క్రూడ్రైవర్. నాలుగేళ్లకు, ఇరవై ఎనిమిదో ఏట, ఆ వృత్తి నుంచి రిటైరయ్యాను. శాలువా ఎవరూ కప్పలేదు.

చేరిన నెలలోనే ఒక శనివారం ఉదయం లలిత ఆంటీ ఇంటికి పంపారు. ఆవిడ ఫార్మా కంపెనీలో కెమిస్టు. ఆదివారాలు పిల్లలకు తెలుగు నేర్పేవారు. ఆరేళ్లుగా టైపు చేసుకున్న నలభై పాఠాలూ పాడైపోయిన కంప్యూటర్ తాలూకు డిస్కులో ఉన్నాయి. ఇంకో కాపీ లేదు. మర్నాడే క్లాసు. ఆవిడ భర్త ప్రసాద్ అంకుల్ ఆ డిస్కును ఇంట్లో ఉన్న మరో పాత కంప్యూటర్‌లో రెండోదిగా బిగించారు. దాంతో అది కూడా లేవడం మానేసింది.

"మీ అంకుల్ సివిల్ ఇంజనీర్ నాయనా. స్క్రూలు మాత్రం భూకంపం వచ్చినా ఊడవు" అన్నారు ఆంటీ.

మూత తీశాను. ఆ కాలపు కంప్యూటర్లలో ఒకే కేబుల్‌కి రెండు డిస్కులు తగిలించేవాళ్లం. ఒకటి మాస్టర్, రెండోది దాని కింద పనిచేసేది. ఏది ఏదో నిర్ణయించేది డిస్కు వెనక పిన్నులకు తొడిగే చిన్న ప్లాస్టిక్ ముక్క, జంపర్. ఇక్కడ రెండూ మాస్టర్లే. ఇద్దరూ నేనే ప్రెసిడెంటునంటే పని ఎలా సాగుతుందో తెలుగు సంఘాల్లో తిరిగినవాళ్లకు వివరించనక్కరలేదు. రెండో దాని జంపర్ మార్చాను. కంప్యూటర్ లేచింది. రెండో డిస్కు కూడా కనబడింది.

మూడో పాఠం తెరిచాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు. నేను ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికొచ్చిన డాక్టర్ గొంతు పెట్టి, డేటా కరప్ట్ అయిందనీ, ఉన్నదంతా చెరిపేసి ఫార్మాట్ చేస్తే డిస్కైనా దక్కుతుందనీ ప్రకటించాను. అంకుల్ కుర్చీలో కూలబడ్డారు. అది నా స్క్రూల డబ్బా ఉన్న కుర్చీ కావడంతో వెంటనే లేచారు.

ఆంటీ మాత్రం వేళ్లు బల్ల మీద ఆడిస్తూ తెర వంకే చూస్తున్నారు. "ఆగు బాబూ. ఇది క, కొమ్ము, సున్నా... కుందేలు! ఇది నా కుందేలు పాఠమే."

"మీరు దీన్ని చదువుతున్నారా ఆంటీ?"

"ఆరేళ్లు ఈ కీలే కొట్టాను. నువ్వేంటి, ఫార్మాట్ అంటున్నావ్?"

అప్పటి తెలుగు ఫాంట్లలో చాలావరకు ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు వేషం వేసేవి. ఆ వేషం రెండో డిస్కులోని విండోస్‌లో ఉండిపోయింది. మొదటి డిస్కుతో లేచిన కంప్యూటర్‌కి దాని సంగతే తెలియదు. ఫాంటును వెతికి ఇటు కాపీ చేశాను. కుందేలు తెలుగులో ప్రత్యక్షమైంది. నలభై పాఠాలనూ రెండు సీడీల్లోకి ఎక్కించాను.

"అయితే నా బిగింపులో తప్పేం లేదుగా?" అన్నారు అంకుల్.

"తప్పంతా జంపర్‌దే అంకుల్" అన్నాను. దాన్ని మా వృత్తిలో కస్టమర్ సర్వీసు అంటారు.

ఆ తర్వాత సర్వీసులో ఉన్నంతకాలం, ఫైలు పోయిందని చెప్పే ముందు దాన్ని తయారుచేసినవాళ్లను తెర ముందు కూర్చోబెట్టాను. కాపీ చేతికి వచ్చేదాకా ఫార్మాట్ మాట ఎత్తలేదు.