అమ్మ దిగే గేటు

డిగ్రీ రెండో ఏడు వరకు షేర్ ఆటో ఆపమని నేను ఒక్కసారీ అడగలేదు. నాతవరం వైపు నుంచి నర్సీపట్నం వచ్చే ఆటోలో అమ్మ, నేను కలిసి ఎక్కేవాళ్లం. జీడిపిక్కల ఫ్యాక్టరీ గేటు రాగానే అమ్మ "ఆపు బాబూ" అనేది. అది ఆమె పనిచేసే చోటు. నా కాలేజీ ఇంకా ముందుంది. అయినా నేనూ అక్కడే దిగి, మిగతా దూరం నడిచేదాన్ని. పదిమందిలో గొంతెత్తాలంటే నాకు చెమటలు పట్టేవి.

క్లాసులో పేరు పిలిస్తే పలకలేక ఆబ్సెంట్లు పడ్డాయి. లెక్చరరు గారు నన్నొక కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆవిడ వారానికోసారి మాట్లాడేవారు. మిగతా రోజులకు ఫోన్‌లో ఒక యాప్ పెట్టించారు. అందులో చిన్న చిన్న పనులుండేవి. చేసే ముందు భయం పదికి ఎంతో, చేశాక ఎంతో వేయాలి. చేసిన పని పచ్చగా మారుతుంది. ఒకటి మాత్రం వారాల తరబడి బూడిదరంగులోనే ఉండిపోయింది: ఆటో ఆపమని మీరే చెప్పండి.

అమ్మకు చదివి వినిపించాను.

"ఇంతేనా? దీనికి ఫోనెందుకే, నేను సెప్పేస్తాను గదా."

"నువ్వు చెప్పకూడదమ్మా. రేపు గేటు దగ్గర నేను చెప్తాను. నువ్వు నోరు మెదపకు."

మర్నాడు గేటు వచ్చింది. నాకు నోరు పెగల్లేదు. గేటు దాటింది, కాలేజీ దాటింది. అమ్మ పెదవులు బిగించి నా వైపే చూస్తోంది. ఆటో చివరాగే బస్ కాంప్లెక్స్ దగ్గర అందరితోపాటు మేమూ దిగాం.

"నీ పనికి లేటైపోయింది. నువ్వైనా చెప్పాల్సింది."

"మెదపకన్నావు కదే. పుట్టి ఇంతసేపు ఊరుకోలేదు. ఆ పదిలో నాకెంతేస్తాదో సూడు నీ ఫోన్లో."

నవ్వుకుంటూ వెనక్కి నడిచాం. ఆ రోజు లేటైనందుకు ఫ్యాక్టరీ మేస్త్రి అమ్మను తిట్టాడని, అక్కడే పనిచేసే పక్కింటావిడ చాలా తర్వాత చెప్పింది.

ఆ వానాకాలంలోనే జ్వరంతో అమ్మ పోయింది.

నెల తర్వాత ఒక్కదాన్నే ఆటో ఎక్కాను. గేటు దగ్గరపడింది. ఎవరూ ఏమీ అనలేదు.

"ఆపండి" అన్నాను.

"ఇక్కడేటి పనమ్మా? రోజూ మీయమ్మ కోసం కదా ఇక్కడ ఆపేది" అన్నాడు డ్రైవరు.

"ఇక్కడే దిగుతానండి."

యాప్ తెరిచి, ముందు అన్నచోట తొమ్మిది వేశాను. తర్వాత అన్నచోట ఏం వేయాలో తెలియలేదు. ఖాళీగా వదిలేశాను.

ఇప్పుడు ఆటో ఎక్కడైనా ఆపించగలను. ఆ గేటు వస్తే మాత్రం ఒక్క క్షణం ఊరుకుంటాను, ముందు ఆమె అంటుందేమోనని.